తొర్ర చెట్టును కొట్టకండి, తొర్రలోని చిలుకను కొనకండి

సంపాదకులకు నమస్కారం.

మోదుగలు విరగబూసే ఈ రోజుల్లోనే నల్లమలలో అడవి చిలుకలు పిల్లల్ని సాకుతుంటాయి. ఈ రోజుల్లోనే మా వైపు సంతల్లోకి, బస్టాండు పక్క సందుల్లోకి గుడ్డ కప్పిన వెదురు బుట్టలు దిగుతాయి. బడులకు సెలవులిచ్చే నాటికి ఆ బుట్టల్లో ఉన్నవి పట్నాల్లో బాల్కనీ పంజరాలకు చేరిపోతాయి. రాస్తే ఇప్పుడే రాయాలి, జూన్‌లో రాసి లాభం లేదని కూర్చున్నాను.

నేను గిద్దలూరులో వడ్రంగం చేసుకునేవాణ్ని. మా నాన్నదీ ఇదే పని. పక్షుల గురించి పెద్ద చదువులేమీ చదవలేదు. దొరికిన పుస్తకం చదివాను, అడవిలో తిరిగే వాళ్లను అడిగాను, నంద్యాల వెళ్లే దారిలో దిగువమెట్ట, చలమ దగ్గర ఆగి చూడటం అలవాటు చేసుకున్నాను. చెట్టు సంగతి మాత్రం చేతులకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది కూడా చిలుక గురించి ఎంతో, చెట్టు గురించీ అంతే.

ఊళ్లలో కరెంటు తీగల మీద బారుగా కూర్చునే రామచిలుక మనందరికీ తెలుసు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. సంతోషం. అది గట్టి పిండం. చెట్టు తొర్ర దొరక్కపోతే గుడి గోపురంలో కంత చూసుకుంటుంది, పాత కోట గోడలో సందు చూసుకుంటుంది. నేను రాస్తున్నది దానికంటే చిన్నదైన అడవి చిలుక గురించి. తోకతో కలిపి జానెడున్నర ఉంటుంది, అందులో సగానికి పైగా తోకే. మగదానికి తలంతా గులాబీ, ఊదా కలిసిన ఎరుపు, మెడ చుట్టూ సన్నని నల్ల పట్టీ, రెక్క మొదట్లో చిన్న ఎర్ర మచ్చ. ఆడదాని తల బూడిద రంగు, మెడ దగ్గర పసుపు ఛాయ. తోక చివర తెల్లగా ఉంటుంది కాబట్టి తల కనపడకుండా ఎగిరిపోతున్నా గుర్తుపట్టవచ్చు. ఎర్రతల చిలుక అందాం. రామచిలుకలా గొంతు చించుకోదు. గుంపుగా చెట్ల మధ్య నుంచి బాణంలా దూసుకుపోతూ టుయ్ టుయ్ మని మెత్తగా పలుకుతుంది. భారత ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా బతకదు.

అడవికి ఇది విత్తనాలు నాటి మేలు చేస్తుందని కొందరు రాస్తుంటారు. నేను అలా చెప్పను. దాని ముక్కు గింజను కొరికి చీల్చడానికి పుట్టింది. రేగు, మర్రి, రావి పండ్లు, గడ్డి గింజలు, ఏది దొరికినా గింజ దాకా వెళ్లి తింటుంది. బూరుగ, మోదుగ, ఇప్ప పూసినప్పుడు పూల తేనె కోసం దిగుతుంది, పూరేకులు కూడా తినేస్తుంది. తినేదానికంటే కింద పారేసేది ఎక్కువ. ఆ పారేసిన కాయలూ పూలూ కిందనున్న జీవాలకు మేత అవుతాయి. దానివల్ల మనకేం లాభమని లెక్క కట్టి కాపాడాల్సిన పని లేదు. నల్లమల దాని ఇల్లు. అంతే.

ఇంటి సంగతికే వస్తాను. ఈ చిలుక గూడు కట్టదు. పుల్ల తేదు, పీచు తేదు. దానికి చెట్టులో తొర్ర కావాలి. వడ్రంగి పిట్టో, కంసాలి పిట్టో తొలిచి వదిలేసిన కంత కావాలి, లేదా కొమ్మ విరిగిన చోట కుళ్లి ఏర్పడిన బొర్ర కావాలి. దాన్ని ముక్కుతో కాస్త పెద్దది చేసుకుని అందులో నాలుగు నుంచి ఆరు తెల్లటి గుడ్లు పెడుతుంది. ఆడపక్షి మూడు వారాల పైచిలుకు పొదుగుతుంది. కళ్లు తెరవని, బొచ్చు లేని పిల్లలు పుడతాయి. అవి రెక్కలొచ్చి బయటికి రావడానికి ఇంకో ఆరేడు వారాలు. అంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య ఒక జంటకు రెండు నెలలకు పైగా ఒకే కంత మీద ఆధారం. ఆ కంత పోతే ఆ ఏడు సంతానం పోయినట్టే.

కంత ఎలా తయారవుతుందో నాలాంటి పనివాళ్లు రోజూ చూస్తారు. గాలివానకు కొమ్మ విరుగుతుంది. విరిగిన చోట నీళ్లు దిగుతాయి, శిలీంధ్రం పడుతుంది, చెదలు చేరతాయి. లోపలి చేవ మెల్లగా మెత్తబడి పొడి అవుతుంది. చేవ అంటే చెట్టుకు బలం, ప్రాణం కాదు. ప్రాణం బెరడు కింద ఉన్న పొరలో ఉంటుంది. అందుకే లోపల మొత్తం గుల్లబారిన చెట్టు కూడా ఏటా చిగురు వేస్తుంది, పూస్తుంది, కాస్తుంది. చిలుక పట్టేంత గుల్ల ఏర్పడాలంటే ముందు చెట్టు లావెక్కాలి, తర్వాత కుళ్లు లోపలికి దిగాలి. పదేళ్లలో అయ్యే పని కాదది. నేను పనిలో చేరినప్పుడు నాటిన మొక్కల్లో ఒక్కదానికి కూడా ఇప్పటికీ తొర్ర లేదు.

మా వ్యాపారం లెక్కలో తొర్ర చెట్టు పనికిరాని చెట్టు. పలక రాదు, దూలం రాదు. కొనేవాడు పిడితో తట్టి చూస్తాడు, బోలు శబ్దం వస్తే ధర సగానికి దించుతాడు. ఆ పనికిరాని చెట్టునే ముందు కొట్టేస్తారు. పొలం గట్టు మీద ముసలి వేప ఉంటే, రోడ్డు పక్క చింత ఉంటే, 'ఎటూ గుల్లే కదా, ఎప్పుడు పడుతుందో' అని వంట చెరుకుకు వేస్తారు.

కొన్నేళ్ల కిందట రోడ్డు వెడల్పు పనిలో కొట్టేసిన దిరిశెన దుంగ ఒకటి మేం కోత పెట్టించే మిల్లుకు వచ్చింది. రంపం మధ్యలో ఉండగానే పొడి బుస్సున రాలింది. తెరిచి చూస్తే నిలువునా గూడు. బయట నాలుగు వేళ్లు పట్టేంత ద్వారం. దాని అంచు చుట్టూ గాట్లు, ఏటేటా కొరికి కొరికి నునుపు తేలిన గాట్లు. కొత్త గాటు లేత రంగులో, పాతవి నల్లగా. లోపల మూరెడు లోతు. అడుగున మెత్తటి చెక్క పొడి, అందులో పెంకు ముక్కలు, చివర తెల్లగా ఉన్న ఒక సన్నటి తోక ఈక. మా కుర్రాడు ఆ ఈకను చెవి మీద పెట్టుకుని నవ్వాడు. నేను ఆ అంచు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాను. ఉలితో అంత గుండ్రంగా తీయాలంటే నాకు పూట పడుతుంది. ఎన్ని తరాల చిలుకలు ఆ ఒక్క ద్వారంలో బతికాయో! ఆ రోడ్డు అంచనాల్లో దానికి ఒక లైను కూడా ఉండి ఉండదు.

ఇక పిల్లల్ని పట్టడం. పట్టేవాడు చెట్టెక్కి కంతలో చెయ్యి పెడతాడు. చెయ్యి దూరదు. గొడ్డలితో ద్వారం వెడల్పు చేస్తాడు, లేదా ఆ కొమ్మనే నరికి కిందికి దించుతాడు. ఒక్క పూట ధర కోసం చేసే ఆ రెండు దెబ్బలతో ఈ ఏటి పిల్లలతో పాటు వచ్చే ఏటి గూడూ పోతుంది. వెడల్పైన కంతలోకి వాన దిగుతుంది, ఉడుము దూరుతుంది, చిలుక మళ్లీ ఆ గడప తొక్కదు. చట్టం గురించి మాట్లాడేవాళ్లు పిల్లల సంఖ్య చెబుతారు. విరిగిన తొర్రల సంఖ్య ఎవరూ చెప్పరు.

ఒక సంత రోజు నేను చూసిన బుట్టలో పిల్లలకు ఈకలు ఇంకా గొట్టాల్లో ఉన్నాయి. మెడలు నిలబడటం లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్లు తెరుస్తున్నాయి. తల్లి అయితే తాను తిన్నది మెత్తగా చేసి గొంతులో పోసేది. అమ్మేవాడు శనగపిండి నీళ్లు వేలితో రాస్తున్నాడు. కొనడానికి వచ్చినాయన 'మాట్లాడుతుందా?' అని అడిగాడు. 'ఆరు నెలల్లో మీ పేరు పిలుస్తుంది సార్' అన్నాడు. ఈ జాతి పిల్లలకు తల మొదట పచ్చగానే ఉంటుంది, మగదానికి ఎర్ర రంగు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకని కొనేవాళ్లకు తాము ఏ చిలుకను కొంటున్నారో కూడా తెలియదు. పైగా మాటలు నేర్వడంలో ఇది పెద్ద చిలుకలంత గట్టిది కాదు. మాట రాకపోతే ఇంట్లోవాళ్లకు మోజు తీరిపోతుంది, పంజరం మెట్ల కిందికి పోతుంది.

ఇప్పటికీ చాలామంది ఇళ్లలో చిలుకను పెంచడం తప్పేం కాదనుకుంటారు. తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు చిలుకలన్నిటికీ వర్తిస్తుంది. మన పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే నిషేధించారు. 2022లో చట్టాన్ని సవరించి మామూలు నేరానికి జరిమానాను పాతిక వేల నుంచి లక్ష రూపాయలకు పెంచారు, మూడేళ్ల వరకు జైలు కూడా ఉంది. దుకాణాల్లో దొరికే లవ్ బర్డ్స్ వంటివి విదేశీ పక్షులు, వాటి సంగతి వేరు. మన చిలుక మాత్రం అమ్మడం, కొనడం, పెంచడం మూడూ నేరమే. ఇది చదివి భయపడి కిటికీ తీసి వదిలేయకండి దయచేసి. చిన్నప్పటి నుంచి పంజరంలో ఉన్నదానికి మేత వెతుక్కోవడం రాదు, డేగ నీడ తెలియదు, చాలావాటికి రెక్కలు కత్తిరించి ఉంటాయి. అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి.

చెట్టెక్కే మనిషిని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ అతనికి ముట్టేది కూలి డబ్బులే. కొనేవాడు ఉన్నన్నాళ్లూ ఎక్కేవాడు ఉంటాడు. పులుల అభయారణ్యంలో చెంచులు చాలామంది బేస్ క్యాంపుల్లో కాపలా పని చేస్తున్నారు. ఏ మానుకు ఏ పక్షి వస్తుందో వాళ్ల కంటే తెలిసినవాళ్లు లేరు. గూళ్ల కాలం నాలుగైదు నెలలూ అడవి అంచు ఊళ్లలో తొర్ర చెట్లకు కాపలా పెట్టి, గూటి నుంచి పిల్లలు ఎగిరిపోతే దానికి ఇంత అని ఇస్తే, బుట్టవాడు ఇచ్చే డబ్బుకు పోటీ వస్తుంది. కేసులు పెట్టడం ఒక్కటే పనిచేసేదైతే ముప్ఫై ఏళ్లలో ఈ వ్యాపారం ఆగి ఉండేది.

రైతుల మాట కూడా చెప్పాలి, మా బావమరిది రైతే. జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు గింజ పాలు పట్టే దశలో చిలుకల గుంపు దిగితే నష్టం నిజంగా ఉంటుంది. ఎక్కువగా దిగేది రామచిలుక, అడవి అంచు పొలాల్లో ఎర్రతల చిలుక కూడా వస్తుంది. ఆ పదిహేను, ఇరవై రోజులు కావలి కాస్తే చాలావరకు ఆపవచ్చు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి రంగు ఉన్న మెరుపు రిబ్బన్లను మెలిపెట్టి చేనుకు అడ్డంగా కడితే గాలికి మెరిసి, మోగి పక్షులు దిగవు. మా బావమరిది అవే వాడతాడు. విషం పెట్టేవాళ్లూ, వల వేసి పట్టినవాటిని బుట్టవాడికి ఇచ్చేవాళ్లూ కూడా ఉన్నారు. పంట కాపాడుకునే హక్కు ఎవరూ కాదనరు, కానీ అది పంట కాపాడుకోవడం కాదు.

నల్లమల ఉంది కదా, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది కదా, చిలుకలకేం లోటు అంటారు. లోపలి అడవిలో రంపం పడదు, నిజమే. అక్కడ భయం నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద ఆకు అంటుకుని పాకుతుంది. పచ్చి చెట్టుకు అడుగు నల్లబడుతుంది, అంతే. మొదలు దగ్గర గుల్ల ఉన్న చెట్టుకు మాత్రం నిప్పు లోపలికి దూరి పొగగొట్టంలా పైదాకా లాగుతుంది. బయట మంట ఆరిపోయిన తర్వాత కూడా రెండు మూడు రోజులు లోపల రగిలి చెట్టు కూలుతుంది. తొర్ర చెట్లే ముందు పోయేది, అదీ గూళ్లలో పిల్లలున్న నెలల్లో. ఇప్ప పూలు ఏరుకోవడానికి, బీడీ ఆకు చిగురుకు, దారి కనపడటానికి పెట్టే నిప్పు చిన్నదే అనిపిస్తుంది.

అడవి బయట అయితే పాత చెట్లు పోయి కొత్త పచ్చదనం వచ్చింది. మా జిల్లాలంతా సుబాబుల్, జామాయిల్. దూరం నుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది. నాలుగైదేళ్లకోసారి కాగితం మిల్లుకు కొట్టేసే చెట్టుకు తొర్ర ఎక్కడి నుంచి వస్తుంది? రైతుకు డబ్బు కావాలి, వేసుకోనివ్వండి. ఆ తోటలను చూపించి మాత్రం పచ్చదనం పెరిగింది, పక్షులకు మేలు జరిగిందని చెప్పకండి. నరికిన ముసలి చింతకు బదులు పది మొక్కలు నాటామంటారు. ఆ పది మొక్కల్లో చిలుక కాపురం పెట్టడానికి మన మనవళ్లు ముసలివాళ్లు కావాలి.

పెట్టె గూళ్లు చేసి తగిలించవచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు, వడ్రంగిని కాబట్టి. చేశాను కూడా, ఒక మామిడి తోటలో. గోరింకలు దిగాయి, ఉడతలు దిగాయి. మంచిదే, వాటికీ ఇల్లు కావాలి. చిలుక రాలేదు. పలుచని చెక్క పెట్టె ఎండకు కాలిపోతుంది, రెండు వానలకు కీళ్లు ఊడతాయి. బతికున్న మాను గోడ అంత మందంగా, అంత చల్లగా నేను చేయలేను.

పెట్టెలతో కాపాడిన చోటు ప్రపంచంలో లేదని కాదు. మన తెలుగువాళ్లు తరాల కిందట వలస వెళ్లి స్థిరపడిన మారిషస్‌లో మన చిలుకలకు దగ్గరి బంధువైన ఎకో పారకీట్ అనే అడవి చిలుక ఉంది. చెరుకు తోటల కోసం, తర్వాత ఇతర తోటల కోసం ఆ దీవిలో సహజ అడవిని దాదాపు మొత్తం కొట్టేశారు, మిగిలింది రెండు శాతం లోపే. తొర్రలున్న ముసలి చెట్లు పోయాయి, కోతులూ ఎలుకలూ గూళ్ల మీద పడ్డాయి. 1980ల నాటికి అడవిలో తెలిసిన పక్షులు పది, కాస్త అటూ ఇటూ. కార్ల్ జోన్స్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు గూడు పెట్టెలు పెట్టి, మిగిలిన తొర్రలకు మరమ్మతులు చేసి, మేత పెట్టి, పిల్లల్ని చేతులతో సాకి దశాబ్దాల పాటు కష్టపడ్డారు. ఇప్పుడు ఏడు వందలకు పైగా ఉన్నాయి. 2019లో దాన్ని తీవ్ర ముప్పున్న జాబితాల నుంచి ఒక మెట్టు కిందికి దించారు. చదువుతుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అదే సమయంలో, ఎంత డబ్బు, ఎంతమంది జీవితాలు పోస్తే చెట్టు ఉచితంగా ఇచ్చిన కంతకు బదులు దొరికిందో కూడా అర్థమైంది. మనకు ఆ అవసరం ఇంకా రాలేదు. ఎర్రతల చిలుక ప్రపంచ లెక్కల్లో ఇప్పటికీ ముప్పు లేని జాతుల్లోనే ఉంది, తగ్గుతోందని మాత్రం అంటున్నారు. రెక్క మీద పెద్ద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుకను, అంటే మాటలు బాగా వస్తాయని బజారులో ఎగబడి కొనేదాన్ని, ఇప్పటికే ముప్పుకు దగ్గరైన జాతుల్లో చేర్చారు. చిన్నదాని వంతు వచ్చేదాకా ఆగాలా?

నేను అడిగేది పెద్ద పథకం కాదు. రోడ్డు వెడల్పుకు, కరెంటు లైనుకు చెట్లకు నంబర్లు వేసేటప్పుడు తొర్ర ఉన్నవాటికి వేరే గుర్తు పెట్టండి. తప్పించగలిగితే తప్పించండి. తప్పదంటే డిసెంబరు-ఏప్రిల్ మధ్య మాత్రం కొట్టకండి. ప్రమాదమనిపించిన చెట్టుకు మొత్తం మాను తీసేయనక్కర్లేదు, బరువు కొమ్మలు దించి మొండెం నిలబెడితే చాలా ఏళ్లు నిలుస్తుంది. గూడు ఉండేది మొండెంలోనే. పంచాయతీలు తమ తోపుల్లో, చెరువు కట్టల మీద, గుడి మాన్యాల్లో ఉన్న ముసలి చెట్లను వంట చెరుకుకు వేలం వేయకుండా తీర్మానం చేయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. రైతులు గట్టు మీద ఎండిన మాను ఒక్కటి వదిలితే పైడికంటి, అదే చిన్న గుడ్లగూబ, కూడా చేరుతుంది, రాత్రి ఎలుకల్ని పట్టి కూలి చెల్లిస్తుంది.

మీ పత్రికను కూడా ఒకటి అడగాలి. సెలవుల పేజీల్లో, పండగ పేజీల్లో పంజరంలో చిలుకతో పిల్లల ఫోటోలు వేస్తుంటారు, 'ముద్దు ముద్దు మాటల చిలకమ్మ' అని పేరు పెడతారు. ఆ ఫోటో చూసి ఎంతమంది పిల్లలు నాన్న చెయ్యి పట్టుకుని అడుగుతారో ఆలోచించండి. మా మనవడు అడిగాడు. వాణ్ని ఆదివారం పొద్దున్నే దిగువమెట్ట తీసుకెళ్లి బూరుగ పూల మీద వాలిన గుంపును చూపించాను. అలాంటి ఫోటోలు వేయండి, మా దగ్గరకు ఫోటోగ్రాఫర్ని పంపితే చోటు చూపిస్తాను. గూడు ఉన్న చెట్టు ఎక్కడుందో మాత్రం పేపర్లో రాయవద్దు.

మా వైపు రోడ్ల పనులు చూసే ఇంజినీర్లు, అటవీ సిబ్బంది ఈ ఉత్తరం చదివితే ఒక మాట. చెట్ల లెక్క తీసే రోజు ముందుగా కబురు చేయండి. పిడితో తట్టి ఏ మాను గుల్లదో, ఏ ద్వారం అంచున కొత్త గాటు ఉందో చెప్పడం నాకు తెలుసు, నా తోటి పనివాళ్లకూ తెలుసు. నిచ్చెన మేమే తెచ్చుకుంటాం, కూలి అడగం.

— ఓ వడ్రంగి, గిద్దలూరు